నోబుల్ జాన్సన్ వేసిన వేషాలు

హాలీవుడ్ స్టూడియో ఆర్‌కేఓ 1932లో వేయించిన అడవి సెట్టు ఒకటి రెండు సినిమాలకు పనికివచ్చింది. ఒకటి ఆ ఏడాదే విడుదలైన ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’, రెండవది 1933 మార్చిలో వచ్చిన ‘కింగ్ కాంగ్’. ఫే రే, రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండింటిలోనూ నటించారు కనుక వాళ్లను ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. రెండింటిలోనూ ఉన్న మరో నటుణ్ణి మాత్రం నేను చాలాకాలం గుర్తుపట్టలేకపోయాను. మొదటి సినిమాలో మనుషులను వేటాడే కౌంట్ జారోఫ్ కొలువులో ఇవాన్ అనే మూగ కోసాక్కు (రష్యా గుర్రపు యోధుల తెగవాడు) సేవకుడు ఉంటాడు. దట్టమైన గడ్డంతో, తెల్లగా పాలిపోయిన ముఖంతో, తలుపు దగ్గర నిలబడితేనే భయం పుట్టించే మనిషి. రెండవ సినిమాలో స్కల్ ఐలాండ్ తెగకు నాయకుడైన నల్లని మనిషి ఈకల అలంకారంతో మెట్లు దిగివచ్చి, తెల్లవారి బృందాన్ని అడ్డగించి, ఫే రేను తమకు ఇచ్చేస్తే బదులుగా తమ ఆడవాళ్లను ఆరుగురిని ఇస్తామని బేరం పెడతాడు. ఈ రెండు వేషాలూ కట్టినవాడు ఒక్కడే. అతని పేరు నోబుల్ జాన్సన్.

రెండుసార్లు చూసినా తెలియలేదంటే నా చూపు మందగించిందేమో అనుకున్నాను గానీ, అతని సినిమాలను వరుసగా పట్టుకొని చూసిన తరువాత లోపం పూర్తిగా నాది కాదని అర్థమైంది. ముప్పై అయిదేళ్లలో సుమారు 140 సినిమాల్లో నటించిన ఈ ఆఫ్రికన్ అమెరికన్ నటుణ్ణి, ప్రేక్షకులు ఏ సినిమాలోనూ గుర్తుపట్టనక్కరలేని విధంగానే హాలీవుడ్ వాడుకుంది. అతను ఎక్కడా దొరకని నటుడు కాదు. ప్రతిచోటా ఉన్నాడు, ప్రతిసారీ మరొకరిగా ఉన్నాడు.

జాన్సన్ 1881 ఏప్రిల్ 18న మిస్సోరీ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊళ్లో పుట్టి, కొలరాడో స్ప్రింగ్స్‌లో పెరిగాడు. తండ్రి గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాడు. కొడుకు కూడా బడి తొందరగానే వదిలిపెట్టి గుర్రాల వెంట తిరిగాడు. బడిలో ఉన్న కొద్దికాలంలో అతనికి సహాధ్యాయిగా ఉన్నవాడు లాన్ చేనీ. తరువాతి కాలంలో ‘వెయ్యి ముఖాల మనిషి’ అని ప్రపంచమంతా పిలిచిన ఆ చేనీయే. ఒక చిన్న పట్నంలోని ఒక బడి నుంచి, ముఖాలు మార్చడమే వృత్తిగా బతికిన ఇద్దరు నటులు రావడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ వాళ్ల దారులు వేరైన తీరు చూస్తే ఆ పోలిక మనసును వదలదు. చేనీ ముఖం మార్చుకున్న కొద్దీ అతని పేరు పెద్ద అక్షరాల్లోకి ఎక్కింది, ఈ వేషం వెనుక ఉన్నది చేనీ అని తెలిసి చూడడమే ప్రేక్షకులకు సరదా అయింది. జాన్సన్ ముఖం మారిన కొద్దీ అతని పేరు వెనక్కి జరిగింది.

అతను సినిమాల్లోకి వచ్చింది కూడా గుర్రాల వల్లే. 1914 ప్రాంతంలో ఫిలడెల్ఫియాకు చెందిన లూబిన్ కంపెనీ బృందం కొలరాడో స్ప్రింగ్స్ పరిసరాల్లో ఒక కౌబాయ్ చిత్రం తీస్తుండగా నటుడు ఒకడు గాయపడ్డాడు. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, దానికి తగిన ఒళ్లు, గుర్రం మీద భయమన్నది తెలియని స్వారీ చూసి అతని స్థానంలో జాన్సన్‌ను తీసుకున్నారు. వేయమన్నది అమెరికన్ ఆదివాసి వేషం. అప్పటికి అతనికి ముప్పై దాటాయి. ఆ తరువాత అతను కాలిఫోర్నియా చేరి యూనివర్సల్ సంస్థలో స్థిరపడ్డాడు. వారానికొక భాగం చొప్పున విడుదలయ్యే సాహస సీరియళ్లను ఆ సంస్థ ఆ రోజుల్లో విరివిగా తీసేది. వాటిలో ప్రతినాయకుడి అనుచరుడిగా, గూండాగా, ఆదివాసిగా జాన్సన్‌కు పని దొరుకుతూనే ఉండేది.

ఇక్కడ ఫిల్ము గురించి కొంచెం చెప్పుకోవాలి. మూకీల కాలంలో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపు వెలుగును పట్టుకోలేకపోయేది. ఎర్రని పెదవులు తెరమీద నల్లగా పడేవి, నీలాకాశం తెల్లగా తేలిపోయేది. అందువల్ల మనిషి ఒంటి రంగు ఉన్నదున్నట్టుగా తెరకెక్కే ప్రశ్నే లేదు. ముఖానికి ఏ ఛాయ పూశారు, ఏ దుస్తులు తొడిగారు, ఏ తలపాగా చుట్టారు అన్నదాన్ని బట్టే ప్రేక్షకుడు అతను ఏ దేశంవాడో నిర్ణయించుకునేవాడు. లేత గోధుమ ఛాయ ఉన్న జాన్సన్ అటు ముదురు రంగులోకీ ఇటు తెలుపులోకీ కూడా సులువుగా మారగలిగేవాడు. దర్శకులకు ఇది ఎంత సౌకర్యమో ఊహించవచ్చు. అయితే ఈ సౌకర్యం ఒకవైపే నడిచింది: తెల్లనటులు నల్లరంగు పూసుకొని నల్లవారి వేషాలు వేయడం అప్పటికే రంగస్థలం నుంచి తెరకు వచ్చిన ఆనవాయితీ. అలా రంగు పూసుకున్న వాళ్లు గౌరవప్రదమైన పాత్రలు వేశారా అంటే అదీ లేదు. 1915లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో నల్లజాతివారిని కాముకులుగా, అరాచకులుగా చూపించే ముఖ్య పాత్రలన్నీ రంగు పూసుకున్న తెల్లనటులే ధరించారు. ఆ సినిమా విజయానికీ, దాని మీద దేశమంతటా చెలరేగిన నిరసనకూ మధ్య నిలబడి నల్లజాతి మేధావులు వేసుకున్న ప్రశ్న ఒకటే: మన కథను మనమే ఎందుకు తీయకూడదు?

ఆ ప్రశ్నకు పని రూపంలో జవాబిచ్చిన తొలి బృందాల్లో జాన్సన్ ఒకడు. 1916లో అతను లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీని ప్రారంభించాడు. అతను అధ్యక్షుడు, నటుడు క్లారెన్స్ బ్రూక్స్ కార్యదర్శి, జేమ్స్ స్మిత్ అనే వైద్యుడు మరో ముఖ్య భాగస్వామి, కెమెరా పనికి మాత్రం హ్యారీ గ్యాంట్ అనే తెల్లజాతి ఛాయాగ్రాహకుడు వచ్చాడు. నెబ్రాస్కాలోని ఒమాహా పట్నంలో తపాలా ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు జార్జ్ జాన్సన్ పంపిణీ భారం నెత్తిన వేసుకున్నాడు. ఆఫీసు పని అయ్యాక అతను ఊరూరా ఉన్న నల్లవారి థియేటర్లకూ, చర్చిలకూ, పత్రికలకూ ఉత్తరాలు రాసి, ఉన్న కొద్ది ప్రింట్లనే ఒక ఊరి నుంచి మరో ఊరికి తిప్పేవాడు. మూలధనం అంతంతమాత్రం. ఒక సినిమా డబ్బు చేతికొస్తేనే రెండవది మొదలయ్యేది, జాన్సన్ యూనివర్సల్‌లో సీరియళ్లలో చచ్చి బతుకుతూ సంపాదించినదీ ఇందులోకే పోయేది.

మొదటి చిత్రం ‘ది రియలైజేషన్ ఆఫ్ ఎ నీగ్రోస్ యాంబిషన్’, రెండు రీళ్ల నిడివి. కథ ఇప్పుడు చదివితే చాలా సూటిగా ఉంటుంది. నల్లజాతివారి విద్యాసంస్థ అయిన టస్కీగీలో ఇంజినీరింగ్ చదివిన జేమ్స్ బర్టన్ తండ్రి పొలం వదిలి అదృష్టం వెతుక్కుంటూ కాలిఫోర్నియా చమురు క్షేత్రాలకు వెళతాడు. నల్లవాడన్న కారణంతో పని ఇవ్వరు. అదుపు తప్పి పరుగెడుతున్న గుర్రపుబండి నుంచి యజమాని కూతుర్ని కాపాడడంతో ఆ తలుపు తెరుచుకుంటుంది, చమురు అన్వేషణ బృందానికి నాయకుడవుతాడు. అక్కడి నేల లక్షణాలు చూసినప్పుడు తమ ఊరి పొలంలోనూ ఇవే ఉన్నాయని అతనికి తడుతుంది, తిరిగివచ్చి తవ్వితే చమురు పడుతుంది. బర్టన్‌గా నటించినవాడు నోబుల్ జాన్సన్. ఇందులో దొంగతనాలు లేవు, నల్లవారిని వెక్కిరిస్తూ పుచ్చకాయలు తింటూ పళ్లికిలించేలా చూపే హాస్యం లేదు, బానిసత్వపు రోజుల మీద బెంగ లేదు. చదువుకున్న మనిషి ఒకడు తన చదువుతో పైకి రావడం మాత్రమే ఉంది. గుర్రపుబండి సంఘటన ఎంత అరిగిపోయిన ఉపాయమైనా, దాన్ని నడిపించిన నాయకుడు ఎవరన్నదే ఆనాటి ప్రేక్షకులకు కొత్త.

రెండవ చిత్రం ‘ఎ ట్రూపర్ ఆఫ్ ట్రూప్ కె’ అప్పటికి ఇంకా ఆరని వార్త మీద అల్లిన కథ. 1916 జూన్ 21న మెక్సికోలోని కారిజాల్ దగ్గర జరిగిన పోరులో అమెరికా సైన్యంలోని నల్లజాతి దళమైన పదవ అశ్వికదళం చాలా నష్టపోయింది. ఆ ఏడాది ముగియకముందే దాన్ని తెరకెక్కించారు. పనీపాటూ లేకుండా తిరిగే జో అనే కుర్రవాడు సైన్యంలో చేరి, తుపాకిగుండ్ల మధ్య గాయపడిన తన కెప్టెన్‌ను కాపాడి మనిషిగా నిలబడతాడు. ఆ జో పాత్ర కూడా జాన్సన్‌దే. గుర్రాల మీద ఇంత అనుభవం ఉన్నవాడికి అశ్వికదళ కథ దొరకడం బంగారానికి తావి అబ్బినట్టే. 1917లో ‘ది లా ఆఫ్ నేచర్’ వచ్చింది. నల్లజాతివారి పత్రికలు అతన్ని తమ సొంత తారగా రాసుకున్నాయి.

చిక్కు అక్కడే వచ్చింది. నల్లవారి పేటల్లోని థియేటర్లు యూనివర్సల్ సీరియళ్లను ఆడించేటప్పుడు కూడా, అందులో చిన్న వేషం వేసిన జాన్సన్ పేరునే పెద్దగా ప్రకటించేవి. అదే వీధిలో లింకన్ వారి సినిమా ఆడుతుంటే ప్రేక్షకులు అటువైపే మొగ్గేవారు. తమ జీతం తీసుకునే నటుడు తమకే పోటీ అవుతున్నాడని యూనివర్సల్‌కు తోచింది. లింకన్ కంపెనీనో తమనో ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. 1918లో జాన్సన్ తాను స్థాపించిన కంపెనీకే రాజీనామా ఇచ్చాడు.

ఈ నిర్ణయాన్ని లొంగుబాటుగా చూసేవారు ఉన్నారు. నాకు అలా అనిపించదు. లింకన్ కంపెనీ ఎవరికీ నిలకడైన జీతం ఇవ్వగల స్థితిలో లేదు. యూనివర్సల్ చెక్కు ఆగితే ఆ కంపెనీకి ఉన్న ఆధారాల్లో ఒకటి పోయేది. అంటే ఉన్నా కష్టమే, మానినా కష్టమే. కానీ ఆ సంస్థ అధికారులు ఆలోచించిన తీరులోని వైపరీత్యం మాత్రం గమనించదగ్గది: నల్లజాతి ప్రేక్షకులు ఒక నటుడి కోసం టిక్కెట్లు కొంటున్నారని కళ్లెదుట కనిపించినప్పుడు, ఆ నటుడికి పెద్ద పాత్ర ఇచ్చి ఆ టిక్కెట్ల డబ్బు తామే సంపాదించవచ్చునన్న వ్యాపార బుద్ధి కూడా వాళ్లకు కలగలేదు. తమ సీరియల్‌లో అతన్ని గూండాగానే ఉంచి, నాయకుడిగా ఉన్న చోటు నుంచి తప్పించారు.

లింకన్ కంపెనీ అతను లేకుండా, క్లారెన్స్ బ్రూక్స్ కథానాయకుడిగా మరి కొన్నేళ్లు నెట్టుకొచ్చి 1920ల తొలినాళ్లలో మూతపడింది. ఈ మధ్యలోనే ఆస్కర్ మిషో అనే రచయిత తన నవల ‘ది హోమ్‌స్టెడర్’ను సినిమాగా తీసే విషయమై జార్జ్ జాన్సన్‌తో ఉత్తరాలు నడిపాడు. దర్శకత్వం తానే చేస్తానని పట్టుబట్టడంతో బేరం కుదరలేదు. మిషో తన సొంత కంపెనీతో 1919లో ఆ సినిమా తీసి, ఆ తరం నల్లజాతి దర్శకుల్లో అందరికన్నా ప్రసిద్ధుడయ్యాడు.

రాజీనామా తరువాతి పదేళ్లు జాన్సన్ వృత్తిజీవితంలో అన్నిటికన్నా తీరిక లేని కాలం. 1921లో రెక్స్ ఇంగ్రామ్ తీసిన ‘ది ఫోర్ హార్స్‌మెన్ ఆఫ్ ది అపోకలిప్స్’ నటుడు రుడాల్ఫ్ వాలెంటినోను తారను చేసిన సినిమాగా అందరికీ గుర్తు. అందులో ఆకాశాన గుర్రాలపై దూసుకుపోయే నలుగురు రౌతుల్లో దండయాత్రకు ప్రతీక అయిన వాడు జాన్సన్. 1922లో యూనివర్సల్ తీసిన రాబిన్సన్ క్రూసో సీరియల్‌లో క్రూసో సేవకుడు ఫ్రైడే, 1923లో దర్శకుడు సెసిల్ డెమిల్ తీసిన ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’లో కంచు మనిషి. 1924లో బస్టర్ కీటన్ ‘ది నావిగేటర్’లో నరమాంస భక్షకుల నాయకుడు, ఓడలో చిక్కుకున్న ధనిక యువకుడి హాస్యం చివరి ఘట్టానికి చేరాలంటే బయట ఒక నిజమైన అపాయం కావాలి కదా, ఆ అపాయానికి ముఖం ఇచ్చింది ఇతనే. కీటన్ చేష్టలకు పగలబడి నవ్వుతూనే, ఆ ఎదుటి పక్షంలో ఉన్న మనిషి ఎనిమిదేళ్ల క్రితం ఇంజినీరు జేమ్స్ బర్టన్ అని గుర్తొచ్చినప్పుడు నా నవ్వు కొంచెం తగ్గింది.

అదే ఏడాది వచ్చిన డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో జాన్సన్ హిందూదేశపు రాకుమారుడు. రాజకుమారిని కోరివచ్చిన ముగ్గురిలో ఒకడిగా, బరువైన తలపాగాతో, ఆభరణాలతో, కనురెప్ప కదలని గాంభీర్యంతో నిలబడతాడు. అపురూపమైన కానుక తెమ్మన్నప్పుడు, ఒక మహావిగ్రహం కంటిలో పొదిగిన మాయా స్ఫటికం కోసం సేవకుణ్ణి పైకి ఎక్కిస్తాడు. ఆ సేవకుడు జారిపడి చనిపోయినా రాకుమారుడి ముఖంలో ఏ మార్పూ ఉండదు. చెయ్యవలసింది దాదాపు ఏమీ లేని ఆ దృశ్యంలో ఏమీ చెయ్యకుండానే పాత్ర క్రూరత్వాన్ని చెప్పగలగడం మూకీ నటనలో అరుదు. చుట్టూ అందరూ చేతులు గాలిలో తిప్పుతున్న కాలం అది. ఈ చిత్రంలో మిగిలిన ఇద్దరు రాకుమారుల సంగతీ చెప్పాలి. మంగోలు రాకుమారుడు జపాను నటుడు సోజిన్ కమియామా; పర్షియా రాకుమారుడు మీసం పెట్టుకున్న మటిల్డ్ కోమాంట్ అనే ఫ్రెంచి నటి! వేషం కుదిరితే చాలు, మనిషి ఎవరన్నది ఎవరికీ పట్టని ప్రపంచం.

పట్టని ప్రపంచమే గానీ, అందరికీ సమానంగా పట్టనిది కాదు. 1927లో వచ్చిన ‘టాప్సీ అండ్ ఈవా’లో బానిస పిల్ల టాప్సీగా రోసెట్టా డంకన్ అనే తెల్లనటి నల్లరంగు పూసుకొని గంతులు వేస్తుంటే, పక్కన అంకుల్ టామ్ అనే బానిసగా నోబుల్ జాన్సన్ నిలబడి ఉంటాడు. అతను తన జాతివాడిగా కనిపించిన అరుదైన పెద్ద స్టూడియో సినిమాల్లో ఇది ఒకటి. అక్కడా కథ రంగు పూసుకున్నవారిదే.

టాకీలు వచ్చినప్పుడు చాలామంది మూకీ నటుల బతుకులు తెల్లారాయి. జాన్సన్ నిలబడ్డాడు. 1930లో జాన్ బ్యారీమోర్ ఓడ కెప్టెన్ అహాబుగా నటించిన ‘మోబీ డిక్’లో హార్పూన్ విసిరే క్వీక్వెగ్ అతనే. అతని అసలు విశేషం మాత్రం 1932లో ఉంది. ఆ ఒక్క ఏడాదిలో ‘మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’లో బేలా లుగోసీకి సేవకుడైన జానోష్, ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’లో కోసాక్కు, ‘ది మమ్మీ’లో బోరిస్ కార్లోఫ్ చూపుకు వశమయ్యే నూబియా సేవకుడు. మొదటి రెండింటిలో అతనికి తెల్లరంగు పూశారు. తెల్లవాళ్లు నల్లరంగు పూసుకోవడం అలవాటుగా ఉన్న చోట నల్లజాతి నటుడికి తెల్లరంగు పూసి తెల్లవాడిగా చూపించడం దాదాపు కనీవినీ ఎరగనిది. ఇందులో ఒక వింత ఉంది: తెల్లరంగు పూసుకున్న ఆ జానోష్‌ను పాత్రల జాబితాలో ‘నల్లవాడు జానోష్’ అనే పేర్కొన్నారు. అప్పటికి ఫిల్ము మారింది, అన్ని రంగుల వెలుగునూ పట్టుకునే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చి ముఖాలు మునుపటికన్నా సహజంగా కనిపిస్తున్నాయి. అయినా ఇవాన్ గడ్డం వెనుక ఎవరున్నారో ఎవరూ అడగలేదు. మాటలు వచ్చిన సినిమాలో అతనికి మూగవాడి పాత్ర ఇచ్చారన్నది నాకు మొదటిసారి తట్టలేదు, రెండవసారి చూసినప్పుడు మనసులో గుచ్చుకుంది.

‘కింగ్ కాంగ్’లో మాటలు ఉన్నాయి గానీ అవి ఏ దేశపు భాషా కాదు, సినిమా కోసం అల్లినవి. అయినా జాన్సన్ ఆ అర్థం లేని పదాలను సభలో తీర్పు చెప్పే పెద్దమనిషిలా పలుకుతాడు. పక్కనున్న మంత్రగాడు స్టీవ్ క్లెమెంటే చిందులు తొక్కుతుంటే ఇతను కదలకుండా నిలబడి ఆజ్ఞాపిస్తాడు. ఆ దీవిలోని బ్రహ్మాండమైన గోడ 1927లో డెమిల్ ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ కోసం కట్టించిన సెట్టుకు మార్పులు చేసినది. ఆ సినిమాలోనూ జాన్సన్ రథసారథిగా ఒక చిన్న వేషం వేశాడు. గోడకూ అతనికీ స్టూడియో లెక్కల్లో పెద్ద తేడా లేదనిపిస్తుంది: రెండూ గట్టివి, రెండింటికీ ఏ దేశపు అలంకారమైనా అతుకుతుంది. అదే ఏడాది వచ్చిన ‘సన్ ఆఫ్ కాంగ్’లోనూ అదే నాయకుడు.

ఆ తరువాత వేషాలు చిన్నవవుతూ వచ్చాయి. 1937లో ‘లాస్ట్ హొరైజన్’లో మంచుకొండల్లో మోతగాళ్ల నాయకుడు, 1940లో ‘ది ఘోస్ట్ బ్రేకర్స్’లో నడిచే శవం. దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గది పాత మిత్రుడు క్లారెన్స్ బ్రూక్స్ పాత్ర ఒకటి: 1931లో జాన్ ఫోర్డ్ ‘యారోస్మిత్’లో బ్రూక్స్ వెస్టిండీస్‌లో ప్లేగుతో పోరాడే వైద్యుడిగా, ఏ వెటకారమూ లేకుండా, చదువుకున్న మనిషిగా కనిపించాడు. జాన్సన్ హాలీవుడ్ కెరీర్ మొత్తంలో నాకు అటువంటిది ఒక్కటీ కనిపించలేదు. బ్రూక్స్‌కు మాత్రం అటువంటివి ఎన్ని వచ్చాయి అంటే, పెద్ద స్టూడియోల్లో చెప్పుకోవడానికి ఆ ఒక్కటే.

1949లో అదే ఫోర్డ్ తీసిన ‘షీ వోర్ ఎ యెల్లో రిబ్బన్’లో జాన్సన్ రెడ్ షర్ట్ అనే ఆదివాసి నాయకుడు. అప్పటికి అతనికి అరవై ఏడు దాటాయి, గుర్రం మీద కూర్చున్న తీరులో ఆ వయసు తెలియదు. 1950లో రాయ్ రోజర్స్ కౌబాయ్ చిత్రం ‘నార్త్ ఆఫ్ ది గ్రేట్ డివైడ్’లో మళ్లీ ఆదివాసిగానే కనిపించి నటన విరమించాడు, కొలరాడోలో గాయపడిన మనిషి స్థానంలో మొదటిసారి వేసిన వేషమూ అదే. 1978 జనవరి 9న కాలిఫోర్నియాలోని యుకైపాలో, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు.

అతని గురించి మనకు ఈ మాత్రం తెలుస్తోందంటే అందుకు కారణం తమ్ముడు జార్జ్. లింకన్ కంపెనీ ఉత్తరాలు, ప్రకటనలు, పత్రికల కత్తిరింపులు దశాబ్దాలపాటు దాచి ఉంచాడు; ఆ భాండాగారం ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. కాగితాలు మిగిలాయి, రీళ్లు మిగల్లేదు. లింకన్ వారిదిగా చూడగలిగినది 1921 నాటి ‘బై రైట్ ఆఫ్ బర్త్’ నుంచి నాలుగు నిమిషాల తునక, అది జాన్సన్ కంపెనీ వదిలేసిన మూడేళ్లకు తీసినది. ఇంజినీరు బర్టన్‌గా, సైనికుడు జోగా అతను ఎలా నడిచాడో, ఎలా నవ్వాడో చూసే వీలు లేదు. కాబట్టి అతన్ని చూడాలనిపించినప్పుడు నేను ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’ పెట్టుకొని, ఇవాన్ తలుపు తెరిచే చోటికి వెళ్లి, ఆ తెల్లరంగు కింద ఉన్న ముఖాన్ని చూస్తాను.